ఇల్లు ఇరుకా? సామాను ఎక్కువా?

(మన సంఘం వార్షిక సమావేశంలో కుటుంబ సదస్సునాడు చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సభల్లో పెద్దలు సాధారణంగా పిల్లల చదువు గురించి, ఉద్యోగాల గురించి, వరకట్న దురాచారం గురించి మాట్లాడుతుంటారు. నాకు మాత్రం ఇంట్లో పేరుకుపోయిన సామాను తగ్గించుకోవడం ఎలా అనే విషయం అప్పగించారు. ఇదేమంత పెద్ద విషయం, సభలో చెప్పుకోదగ్గదా అని కొందరికి అనిపించవచ్చు. కాని నేను చెప్పదలచినది పూర్తయ్యేసరికి చదువూ, ఉద్యోగమూ, వరకట్నమూ మూడూ మన అటకమీదనే వున్నాయని మీకే తెలుస్తుంది.

మనలో ఎక్కువమందివి రెండు గదుల ఇళ్ళు. ఒక గది, ఒక వంటిల్లు, ముందు కాస్త వసారా. అందులో ఐదారుగురు మనుషులం. మగవారు దుకాణానికో, మెకానిక్ షెడ్డుకో, ఆఫీసుకో పొద్దున వెళ్ళి రాత్రి వస్తారు. ఆడవారు కుట్టుమిషనుమీద, బీడీలమీద, బడి ఉద్యోగంమీద, వీటన్నిటితోపాటు వంటమీద వుంటారు. ఎవరికీ తీరిక లేదు. ఎవరినడిగినా ఒకటే మాట: "ఇల్లు చాలడం లేదండీ!" నిజమే, ఇల్లు చిన్నదే. కాని ఒక్కసారి మంచం కిందికి వంగి చూడండి. రెండు ట్రంకు పెట్టెలు, చుట్టచుట్టిన పరుపు, పగిలిన బకెట్లో పాత చెప్పులు. బీరువామీద అట్టపెట్టెలు. అటకమీద ఇత్తడి డేక్సాలు, మూత లేని కుక్కరు, కాలిపోయిన మిక్సీ. తలుపు వెనక మేకుకు కవర్లలో కవర్లు, ఆ కవర్లలో మళ్ళీ కవర్లు. మనం అద్దె కడుతున్నది మనుషులకా, సామానుకా? ఇంట్లో సగం సామాను ఆక్రమించి, అద్దె మాత్రం మనచేత కట్టిస్తున్నది!

సామాను ఎలా చేరుతుంది?

సామాను తనంతట తాను నడిచి రాదు గదా. అది మన ఇళ్ళకు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది.

మొదటి దారి పెళ్ళి. అమ్మాయి పుట్టిన నాటినుంచి తల్లి ఒక్కొక్క గిన్నె కూడబెడుతుంది. పెళ్ళినాటికి స్టీలు సామాను, బీరువా, మంచం, పరుపులు, బొంతలు, పింగాణీ సెట్లు, ఎవరేమనుకుంటారోనని ఇంకో నాలుగు. వాటికోసం తండ్రి అప్పు చేస్తాడు. తీరా చూస్తే అత్తవారింట్లో అప్పటికే ఆ అత్తగారు తెచ్చుకున్న సామాను వుంటుంది, ఆమె అత్తగారి ఇత్తడి సామాను కూడా వుంటుంది. మూడు తరాల గిన్నెలు, ఒకే వంటిల్లు! కొత్త కోడలి పింగాణీ సెట్టు పెట్టె విప్పకుండానే అటకెక్కుతుంది. ఆ అప్పుమాత్రం అటకెక్కదు, నెలనెలా వడ్డీ అడుగుతూనే వుంటుంది.

రెండవ దారి చవక. ఎగ్జిబిషన్లో వందకు మూడు డబ్బాలు, సంతలో పాతికకు జల్లెడ, ఇప్పుడు ఫోనులో వేలుతో నొక్కితే ఇంటికే వచ్చే వస్తువులు. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె వీధిలో కేకవేస్తే మనం నాలుగు చీరలిచ్చి ఒక బేసిను తీసుకుంటాం. బట్టలు పోయాయి, మంచిదే. మరి బేసిను వచ్చింది గదా! బయటికి వెళ్ళిందెంతో లోపలికి వచ్చిందీ అంతే.

మూడవ దారి "ఎప్పటికైనా పనికొస్తుందేమో" అనే మాట. ఇది పేదరికం నేర్పిన మాట, దాన్ని నేను తక్కువ చేయను. లేమిలో పెరిగినవారు దారం ముక్కను కూడా దాచుకుంటారు. మా పెద్దలు అలా దాచబట్టే ఇళ్ళు నిలబడ్డాయి. కాని పనికొచ్చే దారాన్ని దాచడం వేరు, కాలిపోయిన మిక్సీని పదేళ్ళు దాచడం వేరు. దారం ఎక్కడుందో ఆవిడకు తెలుసు, కావాలన్నప్పుడు చేతికి అందేది. మన ఇళ్ళల్లో వస్తువు వుంటుంది, కాని కావాలన్నప్పుడు దొరకదు. దొరక్క మళ్ళీ కొంటాం. అది పొదుపు కాదు, పొదుపు వేషం వేసుకున్న దుబారా.

మన ధర్మం ఏమంటున్నది?

దుబారా చేసేవారిని దివ్య ఖుర్ఆన్ 17వ సూరాలో ఎంత గట్టిగా మందలించిందో మీకందరికీ తెలుసు. మనం దుబారా అనగానే బిర్యానీ పారబోయడం, నీళ్ళు వదిలేయడం మాత్రమే అనుకుంటాం. సామాను విషయంలో కూడా మనకు స్పష్టమైన బోధ వుంది. సహీహ్ ముస్లింలో పడకల గురించి ఒక హదీసు వున్నది. భర్తకొక పడక, భార్యకొక పడక, అతిథికి మూడవది అని చెప్పి, నాలుగవది షైతాను వంతు అని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు దాని భావం. నాలుగో పడక వున్నంతమాత్రాన పాపమని దీని అర్థం కాదని, అవసరాన్ని మించి గొప్పకోసం కూడబెట్టేదాని గురించి చెప్పినదని పండితులు వివరించారు. పిల్లలు ఎక్కువుంటే వారికీ పడకలు కావాలి గదా. సరే, ఇప్పుడు మన ట్రంకు పెట్టెల్లో ఎన్ని బొంతలున్నాయో, ఎన్ని లిహాఫులున్నాయో లెక్కవేసుకుందాం. వాటిలో మనవెన్ని, అతిథివెన్ని, నాలుగో వంతువెన్ని?

మరో సంగతి. ప్రవక్త (స) తమ కుమార్తె హజ్రత్ ఫాతిమా (ర)కు పెళ్ళినాడు ఇచ్చిన వస్తువులు హదీసు గ్రంథాల్లో నమోదై వున్నాయి. ఒక దుప్పటి, పీచు నింపిన తోలు దిండు, నీళ్ళ తిత్తి, తిరగలి, ఇలాంటి నాలుగైదు వస్తువులే. అన్నీ రోజూ వాడేవే. అటకెక్కే వస్తువు అందులో ఒక్కటీ లేదు. జహేజ్‌కు సాక్ష్యంగా ఈ సంగతినే చెప్పేవారున్నారు. కాని ఆ జాబితాను ఎవరైనా చదివి చూశారా అని నాకు అనుమానం!

భారం ఎవరిమీద?

ఇంట్లో సామాను పెరిగితే భారం మోసేది ఆడవారు. ప్రతి వస్తువునూ తుడవాలి, జరపాలి, కడగాలి, వెతకాలి. పండుగకు ఇల్లు సర్దాలంటే మూడు రోజులు నడుం విరుగుతుంది. పొద్దున బడికి టైమయ్యేసరికి పిల్లవాడి సాక్సు ఒకటి దొరకదు, ఆయనకు తాళంచెవి దొరకదు. ఇంట్లో అరుపులు మొదలవుతాయి. ఆ అరుపులకు కారణం సాక్సు కాదు, వస్తువుకు చోటు లేకపోవడం.

తరువాత పెద్దవారు. దాదీ తెల్లవారుజామున ఫజర్ వుజూకు చీకట్లో లేస్తుంది. దారిలో బకెట్టు, స్టూలు, పిల్లల సైకిలు. ఒక్కసారి కాలు తగిలి పడితే ఆ వయసులో తుంటి ఎముక విరిగి మంచాన పడుతుంది. దారిలోని ముల్లునో రాయినో తీసివేయడం కూడా విశ్వాసంలో ఒక భాగమని మనకు నేర్పారు. వీధిలో దారి అంటే ఎంతో, మంచానికీ స్నానాలగదికీ మధ్య వున్న దారి కూడా అంతే.

మూడవది జబ్బు. డెంగ్యూ జ్వరం తెచ్చే దోమ మురికి కాలవలో కంటే ఇంటిచుట్టూ నిలిచిన మంచినీళ్ళలోనే ఎక్కువగా గుడ్లు పెడుతుంది. డాబామీది పాత టైరు, పగిలిన కుండ, వాడని కూలరు అడుగు, కొబ్బరి చిప్ప చాలు. గుడ్డునుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే ఆరోగ్యశాఖవారు వారానికొకసారి, శుక్రవారంనాడు, నీటి తొట్లన్నీ వంచి ఆరబెట్టే డ్రై డే పాటించమంటారు. మనకు శుక్రవారం ఎలాగూ శుభ్రతరోజే. స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, అత్తరు రాసుకుని జుమాకు వెళతాం. ఒళ్ళు శుభ్రం చేసుకున్న రోజునే ఇంటి డాబా కూడా చూసుకుంటే ఎంత బాగుంటుంది!

తీరిక లేనివారికి తేలిక మార్గాలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "ఇల్లంతా ఒకేరోజు సర్దేద్దాం" అనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. వచ్చినా, సామానంతా నడింట్లో కుప్పపోసి, మధ్యాహ్నానికి అలసిపోయి, సాయంత్రానికి మళ్ళీ అక్కడే కుక్కేస్తాం. కనుక పెద్ద పని పెట్టుకోవద్దు. నేను చెప్పేవన్నీ పావుగంటలో అయ్యే పనులు.

ఒకటి: జుమాకు ఒక అర. శుక్రవారం శుక్రవారం ఒక్క అర మాత్రమే తీయండి. ఈ వారం వంటింటి పై అర, వచ్చే వారం బీరువాలో కింది అర, ఆపై వారం ఒక ట్రంకు పెట్టె. ఏడాదికి యాభై శుక్రవారాలు. మన ఇళ్ళల్లో యాభై అరలు ఎక్కడున్నాయి? రంజాన్ ముందు షాబాన్‌లో హడావిడిగా చేసే పని ఏడాది పొడుగునా పంచుకున్నట్లవుతుంది.

రెండు: నాలుగు కుప్పలు. తీసిన అరలోని వస్తువులను నాలుగు కుప్పలు చేయండి. వాడేవి, ఇవ్వగలిగినవి, బాగుచేయించవలసినవి, అమ్మవలసినవి. వాడేవి తిరిగి అరలో పెట్టండి. ఇవ్వవలసినవి ఒక సంచిలో వేసి గుమ్మం దగ్గర పెట్టండి, మళ్ళీ లోపలికి పోకూడదు. బాగుచేయించవలసినదానికి ఒక గడువు పెట్టుకోండి. వచ్చే జుమాలోగా మెకానిక్ దగ్గరికి వెళ్ళకపోతే అది అమ్మవలసిన కుప్పలోకి వెళ్ళాలి. పరుపులో దూది గడ్డకడితే పారేయవద్దు. మన దూదేకుల సోదరులు దూది ఏకి మళ్ళీ కుట్టి ఇస్తారు, కొత్తదానికంటే మెత్తగా వుంటుంది. వాడే ఇత్తడి గిన్నె అయితే కళాయి వేయించండి. ఇలా బాగుచేయించుకోవడం మన చేతివృత్తులవారికి కూడా రెండు రూపాయలు చేకూరుస్తుంది.

మూడు: ఒకటి వస్తే ఒకటి పోవాలి. రంజాన్‌కు కొత్త జత కుట్టించారా? పాతవాటిలో ఒక జత బయటికి తీయండి. కొత్త కుక్కరు వచ్చిందా? పాతది అదే రోజు ఇంట్లోంచి కదలాలి. పిల్లలకు కూడా ఇదే అలవాటు చేయండి. కొత్త బొమ్మ అడిగినప్పుడు పాతది ఎవరికిస్తావని అడగండి. పిల్లవాడికి ఇవ్వడం అలవాటయ్యేది అక్కడే.

నాలుగు: ఇషా తరువాత పది నిమిషాలు. రాత్రి నమాజు అయ్యాక ఇంటిల్లిపాదీ పది నిమిషాలు ఎవరి వస్తువు వారు దాని చోట పెట్టాలి. అబ్బా తన తాళంచెవులు, కాగితాలు. అబ్బాయిలు పుస్తకాలు, చెప్పులు. అమ్మాయి దుపట్టాలు, జానమాజులు. అమ్మ ఒక్కతే చేస్తే గంట పట్టే పని, ఆరుగురు చేస్తే పది నిమిషాలు. మగవారికి ఇంటిపని నామోషీ అనుకునేవారుంటే వారికి ఒక్క సంగతి గుర్తుచేస్తాను. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేస్తుండేవారని అడిగితే, ఇంటివారి పనిలో వుండేవారు, నమాజు వేళకు లేచి వెళ్ళేవారు అని హజ్రత్ ఆయిషా (ర) చెప్పారు. అంతకంటే గొప్ప మగతనం ఏముంటుంది?

ఐదు: తేదీ పెట్టె. కొన్ని వస్తువులు వుంచాలా, తీయాలా అని తేలదు. అలాంటివి ఒక అట్టపెట్టెలో వేసి, దానిమీద ఈనాటి తేదీ రాసి, కట్టివేయండి. ఏడాదిలోగా దాన్ని విప్పవలసిన అవసరం రాకపోతే, ఆ వస్తువులు లేకుండా మీరు ఏడాది బతికారన్నమాట. ఇక నిర్భయంగా ఇచ్చివేయవచ్చు. వెండి బంగారాలు, కాగితాలు మాత్రం అందులో పడకుండా చూసుకోండి.

కాగితాల మాట

అన్నిటికంటే ప్రమాదకరమైన సామాను కాగితాలు. పనికిరాని కాగితాల మధ్య పనికొచ్చే కాగితం పోతుంది. 2007 చట్టంతో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద చదువులోనూ, ఉద్యోగాల్లోనూ నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. దూదేకులవారు బి.సి.-బి లో వున్నారు. కాని ధ్రువపత్రం చేతిలో లేకపోతే కాలేజీ సీటు పంచే రోజున ఆ శాతం మనకు ఏం పనికొస్తుంది? తెలంగాణలో 2014లో మొదలైన షాదీ ముబారక్ పథకానికి వయసు, ఆదాయం, ఆధార్, బ్యాంకు పాసు పుస్తకం అడుగుతారు. గడువు దగ్గరపడ్డాక పరుపు కింద, ఖుర్ఆన్ జుజ్దాన్‌లో, పచారీ చీటీల మధ్య వెతుక్కునేవారిని మన సంఘం ఆఫీసులో కూర్చున్నవారు ఎందరినో చూశారు. అటకమీద చదువూ, ఉద్యోగమూ వున్నాయని మొదట అన్నది ఇందుకే.

కనుక ఇంటికొక కాగితాల పెట్టె పెట్టుకోండి. ఒక రేకు పెట్టె చాలు. అందులో ఏడు కవర్లు: ఇంటి దస్తావేజులు లేదా అద్దె కాగితాలు, పుట్టిన, చనిపోయిన ధ్రువపత్రాలు, నికాహ్‌నామాలు, పిల్లల చదువు సర్టిఫికెట్లు, కుల, ఆదాయ పత్రాలు, బ్యాంకు, బీమా కాగితాలు, ఆసుపత్రి కాగితాలు. ప్రతి కవరుమీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. ఇంట్లో కనీసం ఇద్దరికి ఆ పెట్టె ఎక్కడుందో తెలిసి వుండాలి. ఇంటి యజమాని ఒక్కడికే తెలిసి, ఆయనే ఆసుపత్రి పాలైతే మిగిలినవారి గతేమిటి? పాత కరెంటు బిల్లులు, గడువుతీరిన రసీదులు, పెళ్ళి శుభలేఖలు ఈ పెట్టెలోకి రాకూడదు.

శుభలేఖ అన్నాను గనుక ఇంకో మాట. బిస్మిల్లాహ్, ఖుర్ఆన్ వాక్యాలు, అల్లాహ్ పేరు వున్న శుభలేఖలు, కేలండర్లు, ఉర్దూ పత్రికలు, చిరిగిన యస్సర్నల్ ఖుర్ఆన్ పుస్తకాలు. వీటిని చెత్తలో వేయలేక, దాచలేక ఇంటింటా మూటలు పేరుకుపోతున్నాయి. ఆ గౌరవం మంచిదే. కాని ఎలుకలు కొరికేలా అటకమీద పడేయడం గౌరవమా? శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని శుభ్రమైన చోట లోతుగా పాతిపెట్టడమో, లోతైన పారే నీటిలో బరువుకట్టి వదలడమో మార్గమని ఉలమా చెబుతారు. చాలా మసీదుల్లో వీటికోసం ప్రత్యేకంగా పెట్టె వుంటుంది. మీ మహల్లా ఇమాంసాహెబును అడిగి అక్కడ అప్పగించండి. అసలు శుభలేఖలమీద ఆ వాక్యాలు అచ్చు వేయించకుండా వుంటే ఈ చిక్కే రాదు.

మందులు, వైర్లు

మందుల డబ్బా నెలకొకసారి చూడండి. గడువుతీరిన మాత్రలు, సగం వాడి వదిలేసిన సిరప్పులు వుంచవద్దు. పక్కింటి పాపకు జ్వరమంటే మన ఇంట్లో మిగిలిన మందు ఇవ్వడం ప్రేమ కాదు, అపాయం. అట్టల్లోంచి మాత్రలు తీసి, వాడేసిన టీపొడిలోనో మట్టిలోనో కలిపి, కవరులో మూటకట్టి చెత్తబండిలో వేయండి. అలా చేస్తే ఎవరూ ఏరుకుని మింగరు.

పాత సెల్‌ఫోన్లు, చార్జర్లు, ఉబ్బిన బ్యాటరీలు ఇంట్లో దాచవద్దు. ఉబ్బిన బ్యాటరీకి నిప్పంటుకునే ప్రమాదం వుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులమీద పెడుతూ 2022లో చేసిన నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. పాత ఫోను తీసుకునే దుకాణాలూ, కేంద్రాలూ వున్నాయి, విచారించి అక్కడ ఇవ్వండి. పాతసామాను తోపుడుబండి నడిపే సోదరులు మనలోనే చాలామంది వున్నారు. వారికి నా విన్నపం: రాగికోసం వైర్లు కాల్చవద్దు. ఆ పొగ ముందు మీ పిల్లల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అమ్మేవారు కూడా ఇత్తడిని, రాగిని, ఇనుమును వేరువేరుగా తూకం వేయించుకోండి. కలిపి ఇస్తే ఇత్తడి ఇనుము ధరకు పోతుంది.

పోయినవారి సామాను

ఇది కాస్త మనసు నొప్పించే విషయం, అయినా చెప్పక తప్పదు. ఇంట్లో పెద్దవారు చనిపోతారు. వారి షేర్వానీ, టోపీలు, చేతికర్ర, పాన్‌దాన్, కళ్ళజోడు ఒక ట్రంకులో పెట్టి తాళం వేస్తాం. ముట్టుకోవాలంటే కళ్ళవెంట నీళ్ళు వస్తాయి. ఇరవై ఏళ్ళు అలాగే వుంటుంది. లేదా దానికి వ్యతిరేకంగా, నలభై రోజులు కాకముందే ఎవరో ఒకరు అన్నీ పంచేస్తారు.

షరీఅత్ ప్రకారం చనిపోయినవారు వదిలిన ప్రతి వస్తువూ, కట్టుకున్న చొక్కాతో సహా, వారసత్వమే. ముందు ఖనన ఖర్చు, తరువాత అప్పులు, వసీయత్, ఆపైన వారసులందరి వాటాలు. కూతుళ్ళ వాటా కూడా. వారసులందరూ ఒప్పుకోకుండా ఒకరు దానం చేయడానికి లేదు. వారసుల్లో చిన్నపిల్లలుంటే వారి వాటాను ఎవరూ ధర్మం పేరుతో ఇవ్వకూడదు. కనుక ఆలస్యం చేయకుండా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒకరోజు కూర్చోండి. ఒక్కొక్కరూ గుర్తుగా ఒక వస్తువు తీసుకోండి. మిగిలినవాటిని ఒప్పుకోలుతో సవాబు కోసం ఇచ్చివేయండి. తాళం వేసిన ట్రంకు జ్ఞాపకం కాదు. నాయన చేతికర్ర ఇంకో ముసలాయన చేతికి ఆసరాగా వుంటే అది జ్ఞాపకం.

ఇచ్చేటప్పుడు ఎలా ఇవ్వాలి?

ఇవ్వడమంటే మన చెత్తను పేదవాడి ఇంటికి తరలించడం కాదు. మనకే ఎవరైనా ఇస్తే కళ్ళు మూసుకుని తప్ప తీసుకోలేనటువంటి నాసివస్తువును దానానికి ఏరవద్దని ఖుర్ఆన్ 2వ సూరా 267వ వాక్యంలో ఆదేశం వుంది. చొక్కా ఇస్తే ఉతికి, బొత్తాలు కుట్టి, మడతపెట్టి ఇవ్వండి. కుక్కరు ఇస్తే గ్యాస్కెట్టుతో సహా ఇవ్వండి. చిరిగిపోయినవి మసిగుడ్డలు చేసుకోండి, అంతేగాని ఎవరి చేతిలోనూ పెట్టవద్దు. బంధువుల్లో బీదవారికి ఇచ్చేటప్పుడు నలుగురిలో ఇవ్వకండి. తీసుకునేవారి తల వంగకూడదు.

ఇంకో లెక్క మన ఇళ్ళల్లో చాలామందికి తెలియదు. ఇంట్లో వాడే గిన్నెలమీద, బట్టలమీద, మంచాలమీద జకాత్ లేదు, నిజమే. కాని మనలో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ పద్ధతిలో ఫిత్రా, ఖుర్బానీ విషయం వేరు. అవసరానికి మించి, వాడకుండా పడివున్న సామాను విలువ కూడా ఆ లెక్కలో కలుస్తుంది. అదీ, మిగతా డబ్బూ, అప్పులు పోను, యాభై రెండున్నర తులాల వెండి విలువకు, అంటే సుమారు 612 గ్రాముల వెండి విలువకు చేరితే ఫిత్రా, ఖుర్బానీ వాజిబ్ కావచ్చు. అలాంటివారు జకాత్ తీసుకోవడానికి కూడా అర్హులు కారు. అంటే "మా దగ్గర ఏముందండీ" అనే కుటుంబం అటక దించి లెక్కవేస్తే ఇచ్చేవారి వరుసలో నిలబడవలసి రావచ్చు! మీ ఇంటి సంగతి మీ మౌల్వీసాహెబుతో చెప్పి వివరంగా తెలుసుకోండి.

సంఘానికి నా విన్నపం

"అంతా తీసేస్తే రేపు ఇంట్లో పెళ్ళో, ఫాతిహానో వస్తే యాభైమందికి వడ్డించడం ఎలా?" అని అక్కలు అడుగుతారు. సరైన ప్రశ్న. ఆ ఒక్కరోజు కోసమే గదా ప్రతి ఇంట్లో వంద పళ్ళాలు, పది డేక్సాలు మూలుగుతున్నది! దానికి నా మనవి ఇది. చాలా మసీదు కమిటీలు డేక్సాలు, పళ్ళాలు వుంచి అవసరమైనవారికి ఇస్తుంటాయి. అదే విధంగా మన సంఘం గదిలో ఒక ఉమ్మడి సామాను కొట్టు పెట్టుకుందాం. ప్రతి ఇంటినుంచి వాడని ఒక డేక్సా, ఒక డజను పళ్ళాలు, రెండు బొంతలు వచ్చినా చాలు. ఒక పుస్తకంలో ఇచ్చినవారి పేరు, తీసుకున్నవారి పేరు, తిరిగివచ్చిన తేదీ రాద్దాం. బీదవారికి ఉచితం, మిగిలినవారు కళాయి ఖర్చు, కడుగు ఖర్చు ఇస్తారు. అప్పుడు కూతురి పెళ్ళికి వంద పళ్ళాలు కొనే తండ్రికి ఆ అప్పు మిగులుతుంది.

అదే గదిలో ఒక అర బడిపుస్తకాలకు కేటాయిద్దాం. పరీక్షలు కాగానే పిల్లలు తమ పుస్తకాలు అక్కడ ఇస్తారు, కింది తరగతివారు తీసుకుంటారు. సిలబసు మారిన పుస్తకాలు మాత్రం కాగితం కింద అమ్మేసి ఆ డబ్బుతో నోటుపుస్తకాలు కొనవచ్చు.

పెళ్ళిళ్ళు కుదిర్చే పెద్దలకు ఒక్క మాట. మాటలనాడు అబ్బాయి తరఫువారు జాబితా తీసినప్పుడు, ఈ వస్తువులు పెట్టడానికి మీ ఇంట్లో చోటు ఎక్కడుందో చూపించండని నవ్వుతూనే అడగండి. చోటు లేని ఇంటికి సామాను అడగడం ఏ న్యాయం? అబ్బాయి తల్లే "మా ఇంట్లో అన్నీ వున్నాయమ్మా, అమ్మాయిని పంపండి చాలు" అంటే, ఆ ఒక్క మాట రెండు ఇళ్ళను తేలిక చేస్తుంది.

ఇల్లు ఖాళీ అయితే ఏమవుతుందని అడగవచ్చు. గోడపక్కన జానమాజు పరచుకునేంత చోటు వస్తుంది. పిల్లవాడు బాసింపట్టు వేసుకుని చదువుకునే మూల వస్తుంది. అతిథి వస్తే కూర్చోమనడానికి కుర్చీమీది బట్టలు తీయవలసిన పని వుండదు. అమ్మకు పొద్దున ఒక పావుగంట మిగులుతుంది. ఆ పావుగంట ఆమె ఇష్టం, ఖుర్ఆన్ చదువుకున్నా సరే, ఊరికే కూర్చున్నా సరే.

వచ్చే శుక్రవారం ఒక్క అర. అంతకంటే ఎక్కువ నేను అడగడం లేదు. ఆ అరలోంచి వచ్చిన మొదటి డేక్సా సంఘం గదికి చేరితే ఈ ప్రసంగం ఫలించినట్లే.

 అల్లాహ్ మన ఇళ్ళలో బర్కత్ ప్రసాదించుగాక, ఆమీన్. ఖుదా హాఫిజ్.